ఒంటెల పందెం చుట్టూ ఒక ఊరు

చెరకు మిల్లు చుట్టూ ఊరు ఎలా పుడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు డర్బన్‌లో ఉన్నా, పోర్ట్ లూయీలో ఉన్నా, ఫిజీలోని బా పట్టణంలో ఉన్నా, మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. ముందు మిల్లు వస్తుంది. మిల్లు వెనకే కూలీల ఇళ్లు వస్తాయి. ఆ ఇళ్ల పక్కన ఎవరో ఒకరు బియ్యం, పప్పు, కిరోసిన్ అమ్మే చిన్న కొట్టు పెడతారు. కొట్టు పక్కన దర్జీ, దర్జీ పక్కన మంగలి, కొన్నాళ్లకు ఒక గుడి, ఒక బడి. అప్పుడు దాన్ని ఊరు అంటారు.

ఈసారి మిమ్మల్ని చెరకు లేని చోటికి తీసుకెళ్తాను. అక్కడ నది లేదు, ఓడరేవు లేదు, మిల్లు లేదు. ఇసుక ఉంది, ఒంటెలు ఉన్నాయి. అయినా దుకాణాలు వచ్చాయి, పనులు వచ్చాయి, మనుషులు వచ్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. చిన్న ఊరికి వ్యాపారం ఎలా వస్తుంది, వచ్చింది ఎలా నిలుస్తుంది, ఎక్కడ కారిపోతుంది అని తెలుసుకోవాలంటే చూడదగ్గ ఊరు అది.

ఊరి పేరు అల్ షహానియా. ఖతార్ రాజధాని దోహా నుంచి పడమరగా, దుఖాన్ రోడ్డు మీద కారులో అరగంట, కొంచెం అటూ ఇటూ. 2014లో ఈ పేరుతో విడిగా ఒక మున్సిపాలిటీ ఏర్పడింది. అంతకుముందు ఇది అల్ రయ్యాన్ మున్సిపాలిటీలో భాగం. మున్సిపాలిటీ మొత్తం చూస్తే చాలా పెద్దది, పడమటి సముద్రం దాకా వెళ్తుంది. జనాభా లక్షన్నరకు పైనే. కానీ అందులో ఎక్కువమంది పనికోసం బయటి దేశాల నుంచి వచ్చిన మగవాళ్లు. అసలు ఊరు మాత్రం చిన్నదే.

మీరు అక్కడికి చలికాలంలో, తెల్లవారుజామున వెళ్లారనుకోండి. సూర్యుడు ఇంకా పూర్తిగా పైకి రాడు. రోడ్డు పక్కన ఒంటెలు వరసగా నడుస్తుంటాయి. ఒక్కో వరసకు ఒక కాపరి. ఒంటెల వీపుల మీద రంగురంగుల దుప్పట్లు. అవి పందెపు ఒంటెలు, పొద్దున్నే సాధనకు వెళ్తున్నాయి. వాటి మీద మనిషి ఉండడు. మూపురం వెనక చిన్న బొమ్మ లాంటిది కూర్చుని ఉంటుంది. దానికి రంగు చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో కొరడా. అది రోబో.

గుర్రం మీద కూర్చుని నడిపేవాణ్ని తెలుగులో రౌతు అంటాం. ఇక్కడి రౌతు ఒక యంత్రం. పందెం మొదలవగానే ఒంటెలు ట్రాక్ మీద పరుగెత్తుతాయి. ట్రాక్ పక్కనే ఇంకో రోడ్డు ఉంటుంది. ఆ రోడ్డు మీద యజమానులు పెద్ద పెద్ద కార్లలో ఒంటెలతో సమానంగా పోతుంటారు. కారులో కూర్చుని రిమోట్ నొక్కితే రోబో కొరడా ఆడిస్తుంది. వాకీటాకీలో యజమాని అరిస్తే ఆ అరుపు ఒంటె చెవి దగ్గర వినిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఒంటెల కంటే కార్ల పందెమే ఎక్కువ హడావిడిగా ఉంటుంది.

ఈ రోబో వెనక ఉన్న కథ మాత్రం నవ్వు వచ్చేది కాదు.

రౌతు ఎంత తేలిగ్గా ఉంటే ఒంటె అంత వేగంగా పరుగెత్తుతుంది. అందుకని గల్ఫ్ దేశాల్లో ఒకప్పుడు చిన్నపిల్లల్ని ఒంటెల మీద కూర్చోబెట్టేవారు. సూడాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వంటి దేశాల నుంచి ఆ పిల్లల్ని తెచ్చేవారు. కొందరిని తల్లిదండ్రులకు డబ్బిచ్చి తెచ్చారు, కొందరిని మోసం చేసి తెచ్చారు. పిల్లలు పడిపోయేవారు, ఎముకలు విరిగేవి, ప్రాణాలు కూడా పోయేవి. బరువు పెరగకుండా తిండి తగ్గించేవారు. దళారి మాట నమ్మి ఓడ ఎక్కినవాళ్ల మనవలు మీరు. ఈ కథ మీకు వేరేగా వివరించక్కర్లేదు.

ప్రపంచం నుంచి విమర్శ వచ్చింది. 2005లో ఖతార్ ఒక చట్టంతో పిల్లల రౌతులను నిషేధించింది. దానికి ముందే ఒక స్విట్జర్లాండ్ కంపెనీతో రోబో తయారు చేయించే పని మొదలైంది. ఆ మొదటి రోబోలు ఖరీదైనవి, బరువైనవి. ఒంటెలు బెదరకుండా వాటికి మనిషి ముఖం కూడా పెట్టారు.

ఇక్కడి నుంచి మన విషయం మొదలవుతుంది. ఆ ఖరీదైన రోబో చేతికి రాగానే దాన్ని బాగుచేసేవాడు కావలసి వచ్చాడు. బాగుచేసేవాడు నాలుగు రోజులు దాన్ని విప్పి చూశాక, ఇంత హంగు అక్కర్లేదని గ్రహించాడు. గోడకు రంధ్రం చేసే బ్యాటరీ డ్రిల్లింగ్ మిషన్ ఉంది కదా, దాని మోటారు చాలు కొరడా తిప్పడానికి. కారు తలుపు తీసే రిమోట్ లాంటిది చాలు దాన్ని నడపడానికి. ఒక వాకీటాకీ, కాస్త రేకు, పైన గుడ్డ. బరువు రెండు మూడు కిలోలకు దిగింది. ధర కూడా దిగింది. షహానియాలో పందెపు ట్రాక్ దగ్గరి బజారులో ఇలాంటి రోబోలు అమ్మే, బాగుచేసే చిన్న దుకాణాలు వెలిశాయి. తాళ్లు, ముక్కుతాళ్లు, దుప్పట్లు, కొరడాలు, మేత, మందులు అమ్మే దుకాణాల మధ్యలో ఇప్పుడు అవీ ఉంటాయి.

పిల్లల్ని దించేస్తే పందెమే ఆగిపోతుందని భయపడినవాళ్లు అప్పట్లో లేకపోలేదు. ఆగలేదు సరికదా, అంతకుముందు లేని ఒక వృత్తి పుట్టింది. మంచి నియమం వ్యాపారాన్ని చంపేస్తుందని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ డ్రిల్లింగ్ మిషన్ మోటారే గుర్తొస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక్క ఒంటె పరుగెత్తాలంటే ఎంతమంది కావాలి? మేత కొనేవాడు, మేత తెచ్చే లారీ డ్రైవరు, పొద్దున్నే నడిపించే కాపరి, సాధన ఇచ్చేవాడు, పశువైద్యుడు, దుప్పటి కుట్టే దర్జీ, రోబో మెకానిక్, వీళ్లందరికీ టీ పోసేవాడు, అన్నం వండేవాడు, జుట్టు కత్తిరించేవాడు, ఊరికి డబ్బు పంపించే కౌంటరులో కూర్చునేవాడు. ఊళ్లో ఒంటెలకు ప్రత్యేకంగా ఆసుపత్రి కూడా ఉంది. పందేలు చలికాలంలో జరుగుతాయి, కానీ ఒంటె ఏడాదంతా తింటుంది. అందుకని కొట్టు కూడా ఏడాదంతా తెరిచే ఉంటుంది. చిన్న ఊరికి కావలసింది ఇదే. ఏడాదికి ఒకరోజు వచ్చే పెద్ద జాతర కంటే, రోజూ వచ్చే చిన్న గుంపు మేలు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ఆటకు వెనక పెద్ద డబ్బుంది. ప్రభుత్వం ట్రాక్‌లు కట్టించింది. అమీర్ పేరుతో జరిగే పందెంలో బంగారు ఖడ్గం బహుమతిగా ఇస్తారు. ప్రతి చిన్న ఊరికీ ఒక అమీర్ దొరకడు. కానీ ట్రాక్ కట్టింది ప్రభుత్వం అయినా, దాని చుట్టూ ఉన్న టీకొట్టును ఎవరూ ప్లాన్ గీసి కట్టలేదు. గుంపు ఉన్నచోటికి అది తనే వచ్చింది.

మామూలుగా చిన్న ఊళ్ల పెద్దలు ఏం కోరుకుంటారు? ఒక పెద్ద కంపెనీ రావాలి, అంతే, మా కష్టాలు తీరిపోతాయి అంటారు. షహానియా మున్సిపాలిటీలోనే అలాంటివి రెండున్నాయి. చూడండి.

పడమటి తీరంలో దుఖాన్ ఉంది. ఖతార్‌లో మొదట చమురు దొరికింది అక్కడే, 1939 ప్రాంతంలో. రెండో ప్రపంచయుద్ధం వల్ల పని ఆగింది. 1949 చివరిలో మొదటి చమురు ఓడ బయలుదేరింది. కానీ ఆ ఓడ ఎక్కింది దుఖాన్‌లో కాదు. చమురు పెద్ద గొట్టంలో దేశం అడ్డంగా ప్రయాణించి తూర్పు తీరంలోని ఉమ్ సయీద్ రేవుకు చేరింది. ఆ చమురుతో దేశం ధనిక దేశమయ్యింది. దారిలోని పల్లెలకు మాత్రం ఆ గొట్టం వల్ల ఒరిగింది తక్కువ. లారీ అయితే డ్రైవరు టీకి ఆగుతాడు. గొట్టం ఆగదు.

రెండోది అల్ ఖర్సా. 2022 అక్టోబరులో అక్కడ పెద్ద సౌర విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. 800 మెగావాట్లు, 10 చదరపు కిలోమీటర్లు, 18 లక్షలకు పైగా పలకలు. దేశానికి గొప్ప మేలు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పలకల మీద పడే దుమ్మును తుడిచేది కూడా రోబోలే. కట్టేటప్పుడు వేలమంది వస్తారు, కట్టాక కొద్దిమంది మిగులుతారు. కొద్దిమంది ఎన్ని టీలు తాగుతారు?

ఫిజీలో ఉన్న పాఠకులకు రాకిరాకి గుర్తొచ్చి ఉంటుంది. అక్కడ పెనాంగ్ చెరకు మిల్లు ఉండేది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఆ మిల్లును దెబ్బతీసింది. ఆ తర్వాత దాన్ని తిరిగి నడపలేదు. రైతుల చెరకు లారీల్లో బా పట్టణం దగ్గరి రరవాయి మిల్లుకు వెళ్లవలసి వచ్చింది. మిల్లు పోతే మిల్లు ఒక్కటే పోదు. జీతం రోజున నిండే కొట్టు ఖాళీ అవుతుంది. ఒక్క స్తంభం మీద నిలబెట్టిన పందిరి ఎంత పెద్దదైనా భయమే.

షహానియా పందిరి కూడా దాదాపు ఒక్క స్తంభం మీదే ఉంది. దానికీ ఒక తుపాను వచ్చింది, గాలి తుపాను కాదు. 2017 జూన్‌లో సౌదీ అరేబియా, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక భూసరిహద్దు మూతపడింది. సౌదీ మైదానాల్లో మేస్తున్న ఖతారీల ఒంటెలను, గొర్రెలను వెనక్కి పంపేశారు. వేలకొద్దీ జంతువులు ఎండలో సరిహద్దు దగ్గర నిలిచిపోయాయి. పక్క దేశాల యజమానులు తమ ఒంటెలతో పందేలకు రావడం ఆగింది. 2021 జనవరిలో గానీ సరిహద్దు తెరుచుకోలేదు.

ఆ మూడున్నరేళ్లలో ఖతార్ ఒక పాఠం నేర్చుకుంది. అంతవరకు పాలు, కూరగాయలు చాలావరకు సరిహద్దు దాటి వచ్చేవి. తర్వాత ఇంటి పంట మీద దృష్టి పడింది. షహానియా చుట్టుపక్కల తోటలు చాలా ఉన్నాయి. అరబ్బీలో తోటను మజ్రా అంటారు. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాళ్లు కూడా అదే మాట వాడతారు, "మజ్రాలో పని" అంటారు. భూగర్భ జలంతో, పందిళ్ల కింద టమాటా, దోస, వంకాయ పండిస్తారు. చలికాలంలో ప్రభుత్వం కొన్ని చోట్ల కూరగాయల సంతలు నడుపుతుంది. వాటిలో ఒకటి షహానియాలో. తోటవాళ్లు మధ్యవర్తి లేకుండా అక్కడే అమ్ముకుంటారు.

ఇది మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో రైతు బజార్లు మొదలుపెట్టినప్పుడు ఆలోచన ఇదే. ఇంకా వెనక్కి వెళ్తే, డర్బన్ చుట్టూ కౌలు భూముల్లో కూరగాయలు పండించి తెల్లవారకముందే బుట్టలు మోసుకొచ్చిన మీ ముత్తవ్వలది కూడా ఇదే పని. డర్బన్‌లోని ఎర్లీ మార్నింగ్ మార్కెట్ 1910 నాటిది. ఒక ఊరికి సంత వచ్చిందంటే చుట్టుపక్కల పది తోటలకు ఆ ఊరు అవసరమైందని అర్థం.

ఇక చూడడానికి వచ్చేవాళ్ల సంగతి. షహానియా చుట్టూ చూడవలసినవి తక్కువేం కాదు. అల్ సమ్రియాలో షేక్ ఫైసల్ మ్యూజియం ఉంది. ఒక తోటలో, ఒక మనిషి సేకరించిన వస్తువులతో 1998లో మొదలైంది. పాత కార్లు, తివాచీలు, కత్తులు, నాణేలు, అన్నీ వేలల్లో. ఖతార్ జాతీయ జంతువు ఓరిక్స్, తెల్లటి ఒళ్లు, పొడవాటి కొమ్ముల అడవి జింక. దాన్ని కాపాడి పెంచే కేంద్రం 1979 నుంచి షహానియాలో ఉంది. ఇంకా పడమరగా వెళ్తే జక్రీత్ దగ్గర ఎడారిలో అమెరికా శిల్పి రిచర్డ్ సెరా 2014లో నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకలు ఉన్నాయి. ఒక కిలోమీటరుకు పైగా దూరంలో వరసగా నిలబడి ఉంటాయి. పద్నాలుగు, పదహారు మీటర్ల ఎత్తు.

అయితే వీటిని చూడడానికి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? దోహాలో హోటల్ నుంచి. ఎక్కడ తింటారు? దోహాలో. కారు షహానియా పక్కనుంచి దూసుకుపోతుంది. రోడ్డు బాగుపడితే ఊరు బాగుపడుతుందని అంటారు. సగమే నిజం. రోడ్డు మరీ బాగుంటే ఆగవలసిన అవసరమే ఉండదు. దోహా మెట్రో పడమటి వైపు అల్ రిఫా దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి షహానియాకు మీరే దారి చూసుకోవాలి.

నన్నడిగితే, ఈ ఊరు చేయవలసిన పని ఇంకో మ్యూజియం కట్టడం కాదు. ఉన్నవాటి వేళలు కలపడం. పందెపు సాధన పొద్దున. మ్యూజియం ఆ తర్వాత. మధ్యలో రెండు గంటలు కూర్చునే చోటుండాలి. రోబో దుకాణం ముందు ఒక బల్ల వేసి, యంత్రాన్ని విప్పి చూపించి, పది రియాల్ తీసుకుంటే పిల్లలు కదలరు. మెకానిక్ చేతిపనికి అంత విలువ ఉంది. దాన్ని చూపించమని అతన్ని అడిగేవాళ్లే లేరు.

ఇప్పటిదాకా డబ్బు ఊళ్లోకి ఎలా వస్తుందో చూశాం. వచ్చిన డబ్బు ఎంతసేపు ఉంటుంది? ఇది అసలు ప్రశ్న.

తెలుగులో చిల్లు కుండ అనే మాట ఉంది. ఎన్ని నీళ్లు పోసినా నిలవని కుండ. షహానియాలో పనిచేసే మనిషి కోరుట్ల నుంచో, మెట్‌పల్లి నుంచో, రాయచోటి నుంచో వచ్చాడనుకోండి. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాల్. యజమాని ఇల్లు ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300 కలపాలి. ఆ వెయ్యిలో అతను 800 ఇంటికి పంపాడనుకోండి. షహానియాలో మిగిలింది 200. టీ, ఫోను రీచార్జి, సబ్బు, నెలకొక క్షవరం. అంతే. మిగతా డబ్బుతో కోరుట్లలో గోడ లేస్తుంది, రాయచోటిలో చెల్లెలి పెళ్లి జరుగుతుంది.

అతను తప్పు చేస్తున్నాడా? ఎంతమాత్రం కాదు. భార్య, పిల్లలు అక్కడ ఉంటే డబ్బు అక్కడికే వెళ్తుంది. ఖతార్‌కు కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఒక స్థాయి దాటాలి. వెయ్యి రియాల్ వాళ్లకు అది అందని కొమ్మ. కుటుంబం లేనిచోట బడి పెరగదు, బట్టల కొట్టు పెరగదు, పిల్లల డాక్టరు రాడు. పదివేలమంది ఒంటరి మగవాళ్లున్న చోట కంటే, వెయ్యి కుటుంబాలున్న చోట ఎక్కువ రకాల దుకాణాలుంటాయి. మీ ఊరి ప్రధాన వీధిని ఒకసారి తలచుకోండి. అక్కడున్న కొట్లలో సగం ఆడవాళ్ల కోసం, పిల్లల కోసమే కదా?

గిర్మిట్ అనే మాట మీ ఇళ్లలో వినే ఉంటారు. అగ్రిమెంట్ అన్న మాట మన నోళ్లలో అలా మారింది. ఆ ఒప్పందం అయిదేళ్లు. నాటాల్‌లో మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. అయిదేళ్లు అయ్యాక ఏమిటి? ఊరు పెరిగిందా లేదా అన్నది ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు మీద ఆధారపడింది.

నాటాల్‌లో కొంతకాలం, తిరుగు ప్రయాణం వద్దనుకున్నవాళ్లకు బదులుగా భూమి ఇచ్చే చట్టం ఉండేది. నిజంగా దొరికింది కొద్దిమందికే. 1891లో దాన్నీ తీసేశారు. 1895లో చట్టం చేసి, ఒప్పందం ముగిశాక మళ్లీ ఒప్పందంలోకి పోకుండా అక్కడే ఉండాలనుకునేవాళ్ల మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. ఆ పన్ను 1914 దాకా పోలేదు. 1897లో ఇంకో చట్టం. వ్యాపారానికి లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది ఊరి అధికారి ఇష్టం. భారతీయులు కొట్టు పెట్టకుండా ఆపడానికి ఆ చట్టం బాగా పనికొచ్చింది. అంటే మీ ముత్తాత చెరకు కొట్టవచ్చు, కొట్టు పెట్టకూడదు. అయినా పెట్టారు. టోంగాట్, వెరులం, స్టాంగర్ వీధులు వాళ్లు లేకుండా ఎలా ఉండేవో ఊహించండి.

మారిషస్‌లో దారి వేరుగా నడిచింది. చక్కెర ధర పడిపోయినప్పుడు ఎస్టేటు యజమానులు అంచుల్లో ఉన్న భూములను ముక్కలు చేసి అమ్మారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జరిగిన ఈ అమ్మకాలనే అక్కడ గ్రాన్ మోర్సెల్‌మాన్ అంటారు. కొన్నవాళ్లలో చాలామంది ఒప్పందం ముగిసిన కూలీలు. కూడబెట్టిన డబ్బు ఓడ ఎక్కి వెనక్కి పోకుండా అదే మట్టిలో నిలిచింది. ఎస్టేటు శిబిరాల బయట పల్లెలు లేచాయి. యజమానులేమీ దానం చేయలేదు, అవసరం కొద్దీ అమ్మారు. కానీ కుండకు చిల్లు మూతపడింది.

ఖతార్‌లో ఏం మారింది? కొన్ని మారాయి. కఫీల్ అంటే పనికి పిలిపించి, వీసాకు హామీగా ఉండే యజమాని. చాలాకాలం కఫీల్ అనుమతి లేకుండా పని మారడానికి లేదు, దేశం వదలడానికి లేదు. 2018లోనూ, 2020 మొదట్లోనూ దేశం వదిలే అనుమతి చాలామందికి తీసేశారు. 2020లో చేసిన చట్టంతో, పాత యజమాని సమ్మతి పత్రం లేకుండానే కొత్త పనికి మారవచ్చు. చట్టం కాగితం మీద ఉన్నంత సులువుగా మజ్రాలో అమలు కాదు. దూరాన, ఎడారిలో ఒంటరిగా ఒంటెలు కాసేవాడికి ఆ కాగితం చేరడమే కష్టం. అయినా మార్పు మార్పే. మెకానిక్‌కు పక్క దుకాణంలో ఎక్కువ జీతం దొరికితే వెళ్లే వీలుండాలి. అలా వెళ్లగలిగినప్పుడే మంచి పనివాళ్లు మంచి దుకాణం దగ్గర చేరతారు. ఊరికి పేరొచ్చేది అలాగే.

దుకాణం సొంతం చేసుకునే సంగతి కూడా ఉంది. ఇదివరకు విదేశీయుడికి చాలా వ్యాపారాల్లో 49 శాతం మించి వాటా ఉండకూడదు. స్థానిక భాగస్వామి పేరు మీద సగానికి పైగా ఉండాలి. 2019 చట్టం ప్రకారం, అనుమతి తీసుకుంటే చాలా రంగాల్లో నూరు శాతం వాటా కూడా ఉండవచ్చు. వినడానికి బాగుంది. పెట్టుబడి తెచ్చేవాడికి దారి తెరుచుకుంది. డ్రిల్లింగ్ మిషన్ మోటారుతో రోబో చేయగలిగిన మెకానిక్‌కు మాత్రం చేతిలో పనితనం ఉంది, పెట్టుబడి లేదు. శాశ్వత నివాసానికి 2018లో ఒక చట్టం వచ్చింది. బయట పుట్టినవాళ్లు ఇరవై ఏళ్లు ఆ దేశంలో ఉండి ఉండాలి, ఏడాదికి వందమందికి మించి ఇవ్వరు.

నాకనిపించేది ఇది. షహానియా వ్యాపారాన్ని పిలిచే విద్య బాగానే నేర్చుకుంది. రోజూ ఉండే ఒక పని, ఆ పని చుట్టూ చేరే గుంపు, ఆ గుంపుకు పనికొచ్చే పది వృత్తులు. ఇక మిగిలింది, ఆ వృత్తులు చేసేవాళ్లను నిలవనివ్వడం. అది ఊరి చేతిలో ఉన్నది కాదు, దేశం చేతిలో ఉంది. మున్సిపాలిటీ చేయగలిగినవి ఏవంటే, చిన్న కొట్లకు తక్కువ అద్దె గదులు, మెకానిక్‌లకు నీడ ఉన్న షెడ్లు, పనివాళ్ల గదుల నుంచి బజారుకు రావడానికి బస్సు. పెద్ద కంపెనీకి వంద ఎకరాలు ఇవ్వడం కంటే వీటికి ఖర్చు తక్కువ.

మీలో ఎవరైనా దోహా మీదుగా విమానంలో వెళ్తుంటారు. హైదరాబాదుకో, చెన్నైకో పోతూ అక్కడ ఒకరోజు ఆగే అవకాశం దొరికితే, నవంబరు నుంచి మార్చి లోపల అయితే, షహానియా వెళ్లండి. పొద్దున్నే బయలుదేరండి. ఎండ ముదరకముందే ట్రాక్ దగ్గర ఉండండి. ఒంటెల ఫోటోలు తీయండి, కాపరుల ఫోటోలు మాత్రం వాళ్లను అడిగి తీయండి. బజారులో ఒక కొరడానో, రంగు తాడో కొనండి. దోహా విమానాశ్రయంలో కొనే ఒంటె బొమ్మ కంటే అది మేలు.

తర్వాత కరక్ చాయ్ తాగండి. కరక్ అంటే పాలు, ఏలకులు వేసి చిక్కగా మరిగించిన టీ. అక్కడ నిలబడ్డప్పుడు చెవి పెట్టండి. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, అరబ్బీ మధ్యలో ఎక్కడో ఒక తెలుగు మాట వినిపించే అవకాశం బాగానే ఉంది. వినిపిస్తే దగ్గరికి వెళ్లి, మీకు వచ్చినంత తెలుగులోనే, "మీది ఏ ఊరన్నా?" అని అడగండి. ఉచ్చారణ గురించి సిగ్గుపడకండి. జగిత్యాల అనో, సిరిసిల్ల అనో, కడప అనో చెప్తారు. చెప్పి, మిమ్మల్ని ఎగాదిగా చూసి, అదే ప్రశ్న తిరిగి అడుగుతారు: "మరి మీది ఏ ఊరు?"

ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్లండి. ఒక్క ముక్కలో అయ్యే జవాబు కాదు. ఇంకో టీ చెప్పవలసి వస్తుంది.